రెండు వైపులా ఒకేసారి విప్పినవాడు

నేను ముప్పై నాలుగేళ్లు కార్లు బాగుచేశాను. అందులో ఇరవై తొమ్మిదేళ్లు పక్క షెడ్డు మెకానిక్‌ని చూసి కుళ్లుకుంటూ చేశాను. రెండో పనిలోనే నాకు ఎక్కువ పట్టు చిక్కిందని మా ఆవిడ అభిప్రాయం. ఆమె మితభాషి. ఆ ఒక్క మాట మాత్రం చుట్టాలు వచ్చినప్పుడు తప్పకుండా అంటుంది.

కొత్తగా పానా పట్టబోయే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. షెడ్డు ఎక్కడ పెట్టాలి, బోర్డు ఏ రంగులో ఉండాలి వంటివి ఇందులో ఉండవు. అవి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లలో కొందరికి షెడ్డు కూడా ఉంది. నేను చెప్పేది కారు వెనక చక్రాల్లో ఉండే డ్రమ్ము బ్రేకుల గురించి, వాటిలో నేను చేసిన ఒక తప్పు గురించి.

వెనక బ్రేకులే ఎందుకంటారా? ముందు చక్రాల బ్రేకు బయటికి కనిపిస్తుంది. చక్రం సందుల్లోంచి తొంగి చూస్తే చాలు, అరిగిందో లేదో కారు యజమానికి కూడా తెలుస్తుంది. వెనకది అలా కాదు. మూత పెట్టిన గిన్నె లాంటిది. ఆ ఇనప డ్రమ్ము లోపల, దాన్ని ఒరుసుకుని చక్రాన్ని ఆపే షూలు ఎలా ఉన్నాయో, స్ప్రింగులు ఉన్నాయో లేవో దేవుడికీ, దాన్ని ఊడదీసిన మెకానిక్‌కీ తప్ప తెలియదు. దేవుడు కారు కింద పడుకోడు. కాబట్టి ఆ మూత తీశావా, తీయకుండానే తీశానన్నావా అన్నది నీకూ నీ మనసుకూ మధ్య వ్యవహారం. మనసు మామూలుగా మెకానిక్ పక్షమే వహిస్తుంది.

నాలుగో టిక్కు

నేను బీయస్సీ ఫిజిక్సు చదివాను. ఘర్షణ బలం మీద పరీక్షలో నాకు మంచి మార్కులు వచ్చాయి. ఆ తర్వాత రెండేళ్లు ఉద్యోగం రాక ఖాళీగా ఉన్నాను. అప్పుడు ఇంట్లో నాన్నతో జరిగింది కూడా ఘర్షణే గాని సిలబస్‌లో లేదు. చివరికి ఖమ్మంలో ఒక సర్వీసింగ్ సెంటర్లో చేరాను.

అక్కడి మేనేజరు చొక్కా మీద ముడత ఉండేది కాదు. కారు సర్వీసింగ్‌కి వస్తే ఒక అచ్చు కాగితం ఉండేది, అందులో వరసగా గళ్లు. వెనక బ్రేకులు విప్పి శుభ్రం చేశాం అన్నదానికి ఒక గడి. చేరిన వారంలోనే ఆయన ఆ గడిలో టిక్కు పెట్టమన్నాడు.

"ఇప్పలేదు కదా సార్" అన్నాను.

"ఏంది తమ్మీ, బ్రేక్ పడుతుందా లేదా?"

"పడుతుంది సార్."

"మరి ఏం ఇప్పుతవ్? పడే బ్రేక్ ఇప్పితే పడని బ్రేక్ అయితది."

ఇది చాలా లోతైన మాట అనిపించింది నాకు. దాదాపు ఐదేళ్లు ఆ లోతులోనే ఉన్నాను.

ఒకరోజు సత్తుపల్లి నుంచి ఒక కారు వచ్చింది. యజమాని బొగ్గు గనిలో పనిచేస్తాడు, రోజూ గని దారిలో తిరిగే బండి. బ్రేకు తొక్కితే వెనక నుంచి కుక్కపిల్ల ఏడ్చినట్టు చప్పుడు. డ్రమ్ము తీశాం. బొగ్గు దుమ్మూ, షూలు అరిగిన పొడీ కలిసి పిడికెడు రాలాయి. షూలను తోసే చిన్న సిలిండర్ కారుతోంది, ఆయిలంతా షూల మీద. అంటే బ్రేకు పడుతోంది గాని, పడేది ముందు చక్రాలకే. పాత కాగితాలు తిరగేస్తే ఆ కారు మా దగ్గరికే నాలుగుసార్లు వచ్చింది. నాలుగుసార్లూ వెనక బ్రేకుల గడిలో టిక్కు ఉంది. నాలుగోది నా చేతిరాత.

ఆ క్షణంలో నాకు జ్ఞానోదయం అయిందని చెప్పను. భయమేసింది. ఇలాంటి విషయాల్లో భయమే కొంచెం ఎక్కువ కాలం నిలుస్తుంది. ఆ ఏడాది చివర్లో అక్కడ మానేసి పాల్వంచలో భద్రాచలం రోడ్డు మీద సొంత షెడ్డు పెట్టుకున్నాను. పిల్లలకి నేను చెప్పే మొదటి మాట ఇదే: విప్పనిదాన్ని విప్పానని రాయకండి. ఇది నీతి అని చెప్పడం లేదు. ఎప్పుడో ఒకరోజు దాన్ని ఇంకొకడు విప్పుతాడు.

ఆ ఇంకొకడి పేరు యాకూబ్.

పక్క షెడ్డు

నేను షెడ్డు పెట్టేనాటికే యాకూబ్ షెడ్డు అక్కడ ఉంది. వాళ్ల తాత గుర్రపు బళ్లకి చక్రాలు చేసేవాడట, నాన్న లారీలు బాగుచేసేవాడట. ఈయన ఆరో తరగతి దాకా చదివి, ఇక చాలనుకున్నాడు. నాకన్నా ఏడాది పెద్ద. నన్ను మొదటి రోజు నుంచీ "బీయస్సీ" అనే పిలిచాడు. వెక్కిరింపేమో అని చాలా ఏళ్లు గమనించాను. కాదు. అతనికి అది నా పేరే.

థర్మల్ విద్యుత్ కేంద్రం కాలనీ వాళ్లు పొద్దున షిఫ్టుకి పోతూ కారు అతని దగ్గర వదిలేవారు, షిఫ్టు దిగి తీసుకుపోయేవారు. అతను చేసిన బ్రేకు అరవదు. ఒక వైపుకి లాగదు. అతని షెడ్డు ముందు ఎప్పుడూ నాలుగైదు కార్లు, నా షెడ్డు ముందు విశాలమైన స్థలం. ఒకసారి గోదావరి అవతలి నుంచి ఎవరో వచ్చి అతనికి పెద్ద బొచ్చె చేప ఇచ్చిపోయారు, కారు బాగా ఆగుతోందని. నాకు ఎవరూ చేప ఇవ్వలేదు. ఒకాయన మాత్రం బత్తాయిలు తెచ్చి ఇచ్చాడు, యాకూబ్ వచ్చాక ఇమ్మని.

అప్పట్లో నేను ఒక పాత కారు సైడు అద్దం తెచ్చి షెడ్డు గుంజకు బిగించాను. గడ్డం గీసుకోవడానికని చెప్పాను. అందులో యాకూబ్ షెడ్డు చక్కగా కనిపించేది. వస్తువులు కనిపించేదానికన్నా దగ్గరగా ఉన్నాయని ఆ అద్దం మీద ఇంగ్లీషులో రాసి ఉంటుంది కదా, యాకూబ్ కస్టమర్ల విషయంలో అది ఏనాడూ నిజం కాలేదు.

ఆ అద్దంలో నాకు నవ్వు తెప్పించినది ఒకటే ఉండేది. వెనక బ్రేకులు చేసేటప్పుడు యాకూబ్ రెండు డ్రమ్ములూ ఊడదీసేవాడు, కాని షూలూ స్ప్రింగులూ ఒక వైపువే విప్పేవాడు. అది తిరిగి బిగించేదాకా రెండో వైపు ముట్టుకునేవాడు కాదు. గోనె సంచి పరిచి, తీసిన ముక్కలన్నీ తీసిన వరసలో పేర్చేవాడు. మళ్లీ బిగించేటప్పుడు మధ్యమధ్య లేచి, కారు చుట్టూ నడిచి, అవతలి వైపు గొంతుక్కూర్చుని చూసి, తిరిగొచ్చి ఇంకో స్ప్రింగు తగిలించేవాడు. ఒక్క కారుకి పదిసార్లు ప్రదక్షిణ.

"యాకూబ్ భాయ్ పక్కోడి పేపర్ చూసి రాస్తడు" అని నేను టీ కొట్టు దగ్గర చెప్పేవాణ్ణి. జనం నవ్వేవారు. నవ్వి, టీ తాగి, కార్లు యాకూబ్ దగ్గరికి తోలుకుపోయేవారు.

నేను మాత్రం రెండు వైపులా ఒకేసారి విప్పేవాణ్ణి. సగం టైము కలిసొచ్చేది. చదువుకున్నవాడికి నమూనా ఎందుకు?

వరద నీళ్లు

అతని మీద నా అసూయకి కారణం లేకపోతే బాగుండేది. ఉంది. ఒకటి చెప్తాను.

గోదావరికి వరద వచ్చిన ఏడు భద్రాచలంలో ఒక టీచరు గారి కారు రెండు రోజులు నీళ్లలో ఉంది. ఆయన జాగ్రత్తపరుడు, హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగి మరీ మేడ ఎక్కాడు. నీళ్లు తీశాక వెనక చక్రాలు కదల్లేదు. తడిసిన షూలు డ్రమ్ముకి తుప్పుతో అతుక్కుపోయాయి. ట్రాక్టరుతో ఈడ్పించి నా దగ్గరికి తెచ్చాడు. నేను సుత్తి తీసుకున్నాను. ఫిజిక్సు ప్రకారం తగినంత బలం ప్రయోగిస్తే ఏదైనా కదలాలి. డ్రమ్ము అంచు పగిలింది. అది కూడా ఒక రకంగా కదలడమే.

రెండో చక్రం యాకూబ్ చేశాడు, టీచరు గారు వెళ్లి పిలుచుకొచ్చాడు కాబట్టి. ముందు హ్యాండ్ బ్రేకు దించి ఉందో లేదో చూశాడు. నేను చూడలేదు. కొంచెం కిరోసిన్ వంటిదేదో చుట్టూ పోసి, ఎదురుగా ఉన్న రెండు మరల రంధ్రాల్లో రెండు బోల్టులు పెట్టి, ఇటు పావు తిప్పు, అటు పావు తిప్పు. మధ్యలో బీడీ ఆరిపోతే వెలిగించుకున్నాడు. కాసేపటికి డ్రమ్ము గుడ్డులోంచి పిల్ల వచ్చినట్టు బయటికొచ్చింది. లోపలి పొడిని తడిగుడ్డతో తుడిచాడు. నేనైతే కంప్రెసర్ గాలి కొట్టేవాణ్ణి, ఆ పొడి మా అందరి ఊపిరితిత్తుల్లోకీ సమానంగా పంచేవాణ్ణి.

"నీళ్లల్ల తడిసిన బండికి హ్యాండ్ బ్రేక్ ఏసి పెట్టొద్దు సారూ, గేర్ల పెట్టుండ్రి" అని టీచరు గారికి చెప్పి వెళ్లిపోయాడు. పగిలిన డ్రమ్ము వైపు చూడనైనా లేదు. చూసి ఒక మాట అని ఉంటే నేను ఆ రాత్రి హాయిగా నిద్రపోయేవాణ్ణి.

ముత్యాలు కారు

ముత్యాలు అద్దె కారు నడిపేవాడు. భద్రాచలం వచ్చిన భక్తుల్ని పర్ణశాల తీసుకుపోయి, చూపించి, మళ్లీ తెచ్చి దింపడం అతని పని. మనిషి మాటకారి, బండి శుభ్రంగా ఉంచేవాడు. ఎప్పుడూ యాకూబ్ కస్టమరే. ఆ దారిలో తిరిగే డ్రైవర్లంతా అతని మాట వినేవారు. అతన్ని నా వైపు తిప్పుకుంటే సగం పర్ణశాల నా వైపు తిరుగుతుందని నాకొక లెక్క.

ఒకసారి యాకూబ్ మేనకోడలి పెళ్లికి ఖమ్మం వెళ్లాడు. షెడ్డుకు తాళం. ముత్యాలు వచ్చి తాళం చూసి, నిలబడి, చివరికి నా వైపు చూశాడు. ఆ చూపు నేను అద్దంలో ముందే చూశాను.

"అన్నా, ఎనక బ్రేకులు చేపియ్యాలె. రేపు పొద్దున కిరాయి ఉన్నది. యాకూబ్ భాయ్ అయితే సగం దినం కావాలంటడు."

"గంటలో ఇస్తా. పోయి చాయ్ తాగి రా."

"గంటల అయితదా?"

"అందరూ సగం దినం తీసుకోరు తమ్మీ" అన్నాను, ఎవరి పేరూ ఎత్తకుండా.

రెండు వైపులా విప్పాను. అన్ని ముక్కలూ ఒకే ట్రేలో వేసి కడిగాను. కొత్త షూలు వేశాను, కొత్త స్ప్రింగులు వేశాను, రుద్దుకునే చోట్ల పలుచగా గ్రీజు పెట్టాను. గంటకు ఇంకా ఐదు నిమిషాలుండగా చక్రాలు బిగించాను. చాలా అందమైన పని. నాకే ముచ్చటేసింది.

ఇక్కడ ఒక ముక్క గురించి చెప్పాలి. రెండు షూల మధ్య చిన్న అడ్డకడ్డీ ఉంటుంది, మరలు ఉన్నది. అడ్జస్టర్ అంటాం. షూలు అరిగేకొద్దీ అది తనంతట తాను కొంచెం కొంచెం తిరిగి పొడుగవుతుంది, షూలను డ్రమ్ముకి దగ్గరగా ఉంచుతుంది. ఎడమ చక్రానిదీ కుడి చక్రానిదీ చూడటానికి ఒకటే. మరలు మాత్రం ఎదురెదురు. ఎడమది కుడికి వేస్తే పొడుగవ్వాల్సింది పొట్టిదవుతుంది. మొదటి రోజు ఏమీ తెలియదు, ఎందుకంటే మొదటి రోజు దాన్ని మనమే చేత్తో సరిచేసి పెడతాం. ఆ తర్వాత బ్రేకు తొక్కిన ప్రతిసారీ బ్రేకు కొంచెం కొంచెం వదులవుతూ పోతుంది. అంటే బ్రేకు వాడినకొద్దీ పోతుంది. ఒక్కో వైపే విప్పేవాడు ఈ తప్పు చేయాలన్నా చేయలేడు. ఒకే ట్రేలో కడిగినవాడు చేయగలడు.

ముత్యాలు బ్రేకు తొక్కి చూసి, "మంచిగున్నదే" అన్నాడు. ఆ 'దే' నాకు పద్మశ్రీ.

ఆ వారమంతా యాకూబ్ తిరిగి రాగానే ముత్యాలు కారు నా షెడ్డు ముందు అతని కంట పడేదెలా అని ఆలోచించాను.

తీగె బిగించడం

మూడు వారాలకు ముత్యాలు మళ్లీ వచ్చాడు.

"అన్నా, హ్యాండ్ బ్రేక్ చెయ్యి చాన పైకి వస్తున్నది. ఇంతకు ముందు టక్కుటక్కుమని నాలుగు పండ్లకే పట్టేది. ఇప్పుడు ఎనిమిది, తొమ్మిది గుంజాలె."

మీరు మెకానిక్ అయితే ఈ మాట వినగానే డ్రమ్ము విప్పాలి. లాగే చెయ్యి దాని పళ్ల మీద అంత పైకి వస్తోందంటే లోపల షూలు డ్రమ్ముకి దూరమయ్యాయని అర్థం. నాకు ఆ సంగతి తెలుసు. కాని యాకూబ్ తిరిగొచ్చేశాడు. తన షెడ్డు ముందే నిలబడి పళ్లు కుట్టుకుంటున్నాడు. మూడు వారాల కిందట గంటలో చేసిన పనిని అతని ఎదురుగా మళ్లీ విప్పడమా?

కారు కిందికి దూరి హ్యాండ్ బ్రేకు తీగె రెండు చుట్లు బిగించాను. అది బయటి నుంచే అవుతుంది. పది నిమిషాలు.

"తీగె సాగింది. కొత్త షూలకు గట్లనే అయితది" అన్నాను.

తప్పు చేయడం మన పనిలో భాగం, అది లేకుండా ఎవరికీ చేయి తిరగదు. తప్పు మీద తీగె బిగించడం వేరే విషయం. మొదటిది నా తొందర. రెండోది నేను.

పర్ణశాలలో

పర్ణశాలలో బళ్లు ఆపే చోటు గోదావరి వైపు కొంచెం వాలుగా ఉంటుంది. రద్దీ రోజుల్లో ముందు బండి బయటికి రావాలంటే వెనక బండి హ్యాండ్ బ్రేకు దించి చేత్తో తోస్తారు, అందుకని డ్రైవర్లు గేరులో పెట్టరు. న్యూట్రల్లో ఉంచి హ్యాండ్ బ్రేకు లాగి పోతారు. అందరూ అలాగే చేస్తారు.

ఆ రోజు ముత్యాలు కిరాయికి కాక తల్లిని తీసుకుని వెళ్లాడు. ఆమెకు మోకాళ్ల నొప్పులు. దర్శనం అయ్యాక నడవలేక కారులో వెనక సీట్లో కూర్చుంది. ముత్యాలు ఆమెకు మంచినీళ్లు తేవడానికి వెళ్లాడు. సీసా కొని వెనక్కి తిరిగేసరికి కారు కదులుతోంది. వేగంగా కాదు. ఒక మనిషి నడిచినంత. ఆమెకు అది తెలియనే తెలియదు, కొడుకు వచ్చి నడుపుతున్నాడనుకుంది. కారు కొబ్బరికాయల బండిని గుద్దుకుని, కాయల మీదికెక్కి, పక్కనే ఉన్న రాయికి ఆనుకుని ఆగింది. రాయికి అవతల వాలు ఇంకొంచెం ఎక్కువ. దాని కింద నీళ్లు.

ఎవరికీ ఏమీ కాలేదు. ఈ వాక్యం నేను చాలాసార్లు రాసి చూసుకున్నాను. ఎంత రాసినా అందులో నా గొప్ప ఏమీ కనిపించలేదు.

మర్నాడు టీ కొట్టు ఆయన చెప్పేదాకా నాకు ఈ సంగతి తెలియదు. ఆయన చెప్తుండగానే అద్దంలో చూశాను. ముత్యాలు కారు యాకూబ్ జాకీల మీద ఉంది. ముత్యాలు లేడు, తల్లికి బీపీ చూపించడానికి దవాఖానాకు పోయాడట. యాకూబ్ ఒక వైపు గొంతుక్కూర్చున్నాడు. లేచి, చుట్టూ నడిచి, అవతలి వైపు చూశాడు. మళ్లీ మొదటి వైపు వచ్చాడు. తర్వాత ఎప్పుడూ చేయనిది చేశాడు, రెండు వైపులా విప్పాడు. రెండు చేతుల్లో రెండు అడ్జస్టర్లు పట్టుకుని నిలబడ్డాడు. కాసేపు చూసి, కుడి చేతిలోది ఎడమ చేతిలోకి, ఎడమ చేతిలోది కుడి చేతిలోకి మార్చుకున్నాడు.

తర్వాత నా షెడ్డు వైపు చూశాడు. నేను గడ్డం గీసుకుంటున్నట్టు చెంప నిమురుకున్నాను.

స్ప్రింగు

మూడు రోజులు ఎదురుచూశాను. యాకూబ్ స్థానంలో నేనుంటే ఆ అడ్జస్టర్లకు దండలేసి పాల్వంచ బస్టాండు దాకా ఊరేగించేవాణ్ణి. మాట రానే వస్తుంది, వచ్చాక ఏం చెప్పాలో కూడా సిద్ధం చేసుకున్నాను. విడిభాగాల నాణ్యత పడిపోయిందన్న అంశం మీద ఒక చిన్న ప్రసంగం.

నాలుగో రోజు ముత్యాలు వచ్చాడు. కోపంగా లేడు.

"అన్నా, యాకూబ్ భాయ్ ఇప్పి చూసిండు. లోపల స్ప్రింగ్ ఒకటి గుంజుడు తగ్గిందట. నీ పని మంచిగనే ఉన్నదన్నడు. ఈసారి నీ దగ్గర్నే చేపిచ్చుకోమన్నడు."

అప్పటిదాకా నేను యాకూబ్ చేతులు చూసి కుళ్లుకున్నాను. ఆ రోజు నుంచి అతని నోరు చూసి కూడా కుళ్లుకోవాల్సి వచ్చింది. చేతులకైతే సాధన అనో తాతల నాటి పని అనో సర్దిచెప్పుకోవచ్చు. మూసుకున్న నోటికి ఏం సర్దిచెప్పుకోవాలి?

సాయంత్రం అతని దగ్గరికి వెళ్లాను. నడిస్తే ఇరవై అడుగులు. ఇన్నేళ్లలో ఆ షెడ్డులోకి వెళ్లడం అదే మొదటిసారి.

"ముత్యాలుకు స్ప్రింగ్ పోయిందని చెప్పినవట" అన్నాను.

"అవ్, చెప్పిన."

"స్ప్రింగ్ పోలేదు కదా భాయ్."

"పోలే. నువ్వేసిన స్ప్రింగే ఉన్నది అండ్ల. మంచిగున్నది."

"మరి అట్ల ఎందుకు చెప్పినవ్?"

క్షమించేశాను అంటాడేమోనని భయపడ్డాను. తిడితే తట్టుకోగలను. అది మాత్రం తట్టుకోలేను.

యాకూబ్ పానాతో బయటికి చూపించాడు. "గిటు చూడు బీయస్సీ. ఏడు బండ్లున్నయ్. నీది తప్పని చెప్తే ముత్యాలు ఇగ నా దగ్గర్నే ఉంటడు. ఆయనొక్కడేనా? ఆ లైనుల తిరిగే బండ్లన్నీ ఈడికే వస్తయ్. ఇప్పటికే పరేషాన్ల ఉన్న. నేనెప్పుడు తినాలె, ఎప్పుడు పండాలె?"

దయ కాదు. ఔదార్యం కాదు. పని ఎక్కువై నా పరువు కాపాడాడు. మనిషిని ఇంతకన్నా అవమానించే పద్ధతి ఇంకా ఎవరూ కనిపెట్టలేదనుకుంటాను.

నేను లేవబోతుంటే అతను మళ్లీ అన్నాడు, ఈసారి పానా కింద పెట్టి. "కానీ ఆ బండిల ముసలామె కూసున్నది. గది యాదుంచుకో. నేను ఒక పక్క ఇడిసిపెట్టేది నాకు పని రాక కాదు."

టీ కొట్టు దగ్గర నా జోకు అతనికి తెలుసన్నమాట. ఎన్నేళ్లుగానో.

చెప్పడం

ముత్యాలుకు నిజం చెప్పాను. పశ్చాత్తాపంతో చెప్పానని రాస్తే ఈ పేజీ బాగుంటుంది. కాని నా గుట్టు యాకూబ్ చేతిలో ఉండటం నేను భరించలేకపోయాను, అందుకే చెప్పాను. అసూయ కూడా ఒక్కోసారి మనిషిని సరైన చోటికే తోస్తుంది, దారి మాత్రం బురద.

టీ కొట్టు దగ్గర ముగ్గురు డ్రైవర్లుండగా చెప్పాను. స్ప్రింగు కాదు, అడ్జస్టర్లు తారుమారు చేశానని. ముత్యాలు గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"మా అమ్మ ఉన్నది అండ్ల."

"తెలుసు."

"మొదటిసారి తొందరల అయిందనుకుందాం. నేను మల్ల వస్తి గదా నీ దగ్గరికి? చెయ్యి పైకి వస్తున్నదని చెప్తి గదా?"

"చెప్పినవ్."

"నువ్వు కిందికెళ్లి తీగె గుంజితివి. ఇప్పలే."

"ఇప్పలే."

"ఎందుకు ఇప్పలే?"

ఇరవై తొమ్మిదేళ్ల కథ మొత్తం ఆ ప్రశ్నకు జవాబు. "యాకూబ్ చూస్తడని" అన్నాను.

ముత్యాలు చాయ్ డబ్బులు బల్ల మీద పెట్టాడు. "సరే సారూ. మీరు చెప్పిండ్రు, మంచిది" అని లేచాడు.

అన్నా అనేవాడు సారూ అన్నాడు. నువ్వు అనేవాడు మీరు అన్నాడు. మన వైపు ఇలా హఠాత్తుగా మర్యాద పెరిగిందంటే ఇక ఆ మనిషి రాడని అర్థం.

రాలేదు. పర్ణశాల లైను డ్రైవర్లు రాలేదు. వార్త కాలనీకి చేరాక కాలనీ వాళ్లూ తగ్గారు. ఆ వానాకాలం నా షెడ్డులో ఎక్కువగా వానే పడింది. అద్దంలో చూస్తే యాకూబ్ షెడ్డు ముందు కార్లు రోడ్డు దాకా వచ్చాయి. అతను నా వైపు గుర్రుగా చూసేవాడు. తన మీద ఇంత పని వేసినందుకు.

ఒక్కో వైపు

వానలు తగ్గాక ఒక పొద్దున ముత్యాలు కారు నా షెడ్డు ముందు ఆగింది. అతను దిగి, వెనక తలుపు తీసి, తల్లి చెయ్యి పట్టుకుని దింపి, షెడ్డు లోపలి బల్ల మీద కూర్చోబెట్టాడు. ముక్కాలి పీట తెచ్చి ఎడమ వెనక చక్రం దగ్గర వేసుకుని కూర్చున్నాడు.

"యాకూబ్ భాయ్ దగ్గర నాలుగు దినాల లైనున్నది" అన్నాడు. "ఎనక బ్రేకులు నువ్వు చెయ్. నేను ఈడనే కూసుంట."

పొగడ్త కాదు. కాని మళ్లీ నువ్వు అన్నాడు.

ముందు చక్రాలకు రాళ్లు పెట్టాను. హ్యాండ్ బ్రేకు దించాను. రెండు డ్రమ్ములూ తీశాను. ఎడమ వైపు విప్పడం మొదలుపెట్టాను.

"ఆ పక్కది ఇప్పకు" అన్నాడు ముత్యాలు.

"ఇప్పలేదు."

"ఇప్పకు మల్ల."

గోనె సంచి లేదు, పాత దినపత్రిక పరిచి, తీసిన ముక్కలు తీసిన వరసలో పేర్చాను. తడిగుడ్డతో తుడిచాను. బిగించేటప్పుడు ప్రతి స్ప్రింగుకీ లేచి, కారు చుట్టూ నడిచి, అవతలి వైపు గొంతుక్కూర్చుని చూసి వచ్చాను. అద్దంలో చూసినన్నాళ్లూ అది ప్రదక్షిణలా కనిపించింది. మోకాళ్లతో చేస్తే తెలిసింది, ప్రతిసారీ ఒక అనుమానం అవతల వదిలి వస్తాం. ఐదోసారి వెళ్లినప్పుడు నిజంగానే ఒక కొక్కెం తిరగేసి పట్టుకున్నానని తెలిసింది. ముత్యాలు అది గమనించి పీట ఇంకొంచెం దగ్గరికి జరుపుకున్నాడు. ఎడమ వైపు పూర్తయ్యాక అతను పీట ఎత్తుకుని కుడి వైపుకి వచ్చాడు.

మూడున్నర గంటలు పట్టింది. చివర్లో, అన్నిటికన్నా చివర్లో, హ్యాండ్ బ్రేకు తీగె చూశాను. నాలుగు పళ్లకే పట్టింది.

షెడ్డు ముందు రోడ్డు ఎక్కే చోట చిన్న వాలు ఉంది. ముత్యాలు కారు అక్కడ ఆపి, న్యూట్రల్ చేసి, హ్యాండ్ బ్రేకు లాగి దిగాడు. ఇద్దరం నిలబడి చూశాం. కదలని కారును అంత శ్రద్ధగా చూసినవాళ్లు ఈ జిల్లాలో ఇంకెవరూ ఉండరు. ఒక బస్సు పోయింది, దాని గాలికి కారు ఊగింది. కదల్లేదు.

ముత్యాలు తల్లి దగ్గరికి వెళ్లాడు. "అమ్మా, లే. పోదాం."

ఆమె లేవలేదు. "ఇది యాకూబ్ చేసిండారా?"

"కాదమ్మా. గీయన చేసిండు."

ఆమె నన్ను చూసింది. కొబ్బరికాయల మీదికెక్కిన రోజు సంగతి ఆమెకు ఎవరు ఎంత చెప్పారో నాకు తెలియదు. ఎంతో కొంత చెప్పారని ఆ చూపులో తెలిసింది.

"యాకూబ్ చూసిండా మరి?"

"నేను చూసిన" అన్నాడు ముత్యాలు.

ఆమె లేచింది. చీర కుచ్చిళ్లు పట్టుకుని నడిచి వచ్చింది, తలుపు పట్టుకుని ఒక మోకాలు, తర్వాత రెండో మోకాలు లోపలికి మడిచి, వెనక సీట్లో వెనక్కి ఆనుకుని కూర్చుంది.

నా ముప్పై నాలుగేళ్ల పనిలో నా మాట మీద ఎవరూ కారులో అలా ఎక్కి కూర్చోలేదు. ఆ రోజు నాకు యాకూబ్ గుర్తుకే రాలేదు. ముత్యాలుని చూసి కుళ్లుకున్నాను.